‘ప్రజాభిప్రాయ సేకరణ’ అంటే ఓటింగేనా?

సందేహం: చమురు బావి తవ్వకంపై ‘రేపు ప్రజాభిప్రాయ సేకరణ’ అని పత్రికలో చూసి, మా వీధివారు కొందరు ఓటరు కార్డులు పట్టుకొని వెళ్లారు. అక్కడ మైకు ఉంది గాని బ్యాలెట్ పెట్టె లేదు. ఐరోపా సమాఖ్య నుంచి వైదొలగడంపై 2016లో బ్రిటన్‌లో జరిగిన ఓటింగుకూ పత్రికలు ఇదే మాట వాడాయి. రెండూ ఒకటేనా? దీని బదులు ‘జనమత సేకరణ’ అనవచ్చునా?
– ఒక పాఠకుడు, రాజోలు

సమాధానం: రెండూ ఒకటి కావు. మీ వీధివారు పొరబడడానికి కారణం, రెండు వేర్వేరు పనులకు మన పత్రికలు ఒకే పేరు పెట్టడం. ‘అభిప్రాయం’ అంటే మనసులోని ఉద్దేశం, ‘సేకరణ’ అంటే పోగుచేయడం. ఈ సమాసంలో ఓటు గాని, లెక్కింపు గాని, తీర్పు గాని లేవు. కనుక మీరు చూసిన సభకే ఈ మాట అక్షరాలా అతుకుతుంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి ఏర్పాటు చేసే ఆ సభలో, కలెక్టరు గాని ఆయన తరఫు అధికారి గాని అధ్యక్షత వహించగా, వచ్చినవారి మాటలను నమోదు చేసి, వాటి సారాంశాన్ని చివరలో స్థానిక భాషలో చదివి వినిపించాలి. ఇంతమంది రావాలన్న కోరం లేదు, అవును కాదుల లెక్క తీసి తేల్చడమూ లేదు. 1995లో పాశర్లపూడి బ్లోఅవుట్ (బావిలోంచి గ్యాస్ అదుపు తప్పి ఎగజిమ్మడం) మంటలను చూసిన కోనసీమవాసులకు అటువంటి సభ ఎంత ముఖ్యమో వేరుగా చెప్పనక్కరలేదు. అందుకే అక్కడ తమ చేతిలో ఉన్నది ఓటా, మాటా అన్నది వారికి ముందుగానే స్పష్టంగా తెలియాలి.

ఈ తేడాను క్రియాపదాలే పట్టిస్తాయి. ఓటింగులో ఒక పక్షం ‘నెగ్గుతుంది’, ఒక ప్రతిపాదన ‘వీగిపోతుంది’. అభిప్రాయ సేకరణ ‘ముగుస్తుంది’, ‘వాయిదా పడుతుంది’, ‘రసాభాస అవుతుంది’. అది నెగ్గిందని ఎవరూ అనరు. వాక్యంలో ‘నెగ్గింది’ అన్న క్రియ ఇమిడితే అక్కడ ఓట్లు పడ్డాయని గ్రహించవచ్చు.

ఇక ‘జనమతం’. సంస్కృతంలో ‘మతం’ అంటే అభిప్రాయమే. హిందీవారి ‘మత్‌దాన్’, కన్నడిగుల ‘మత’ ఓటు అనే అర్థం పొందింది అందువల్లనే. తెలుగులోనూ అభిమతం, సమ్మతం వంటి మాటల్లో ఆ అర్థం నిలిచి ఉంది. కాని విడిగా ‘మతం’ అనగానే తెలుగువారికి హిందూ, క్రైస్తవ, ఇస్లాం మతాలే తోస్తాయి. ‘మీ ఊళ్లో జనమత సేకరణ’ అంటే ఎవరు ఏ మతంవారో రాసుకొనడానికి వచ్చారనుకొనే ప్రమాదం ఉంది. నిఘంటు న్యాయం ఎలా ఉన్నా, ఈ మాటను నేను సిఫారసు చేయను.

చరిత్రలోనూ ఈ పేర్లు కొంత తికమక పెడతాయి. గోవా మహారాష్ట్రలో కలవాలా వద్దా అన్నది తేల్చడానికి 1967 జనవరి 16న జరిగినదానికి చట్టంలోని పేరు ‘ఒపీనియన్ పోల్’; పువ్వు గుర్తు విలీనానికి, రెండాకుల గుర్తు వేరుగా ఉండడానికి పెట్టి నిజంగానే ఓట్లు వేయించారు, రెండాకులు నెగ్గాయి, ఆ తీర్పే అమలైంది. మన గౌతమీ తీరంలోని యానాంకు సంబంధించిన ముచ్చట ఇందుకు భిన్నం. ఫ్రెంచి స్థావరాల విలీనం రెఫరెండంతో, అంటే ప్రజలే నేరుగా వేసిన ఓటుతో జరిగిందని రాస్తూ ఉంటారు గాని, 1954 అక్టోబరులో పుదుచ్చేరి దగ్గరి కీళూరులో ఓటు వేసినది పుదుచ్చేరి, కారైకాల్ ప్రాంతాల ప్రజాప్రతినిధులు 178 మంది. విలీనానికి అనుకూలంగా 170 ఓట్లు వచ్చాయి. యానాం అంతకుముందు జూన్‌లోనే ఫ్రెంచి పాలన నుంచి బయటపడినందున అక్కడివారి ఓటును అడగనే లేదు. కీళూరులో జరిగినదానిని ‘ప్రతినిధుల ఓటింగు’ అనడం న్యాయం.

కాబట్టి ప్రజలే నేరుగా ఓటు వేసి తేల్చే సందర్భంలో ‘రెఫరెండం’ అని తెలుగు లిపిలో రాయండి. ఓటు, బ్యాలెట్ మనవైపోయినట్లే ఇదీ మనదైపోయింది. తెలుగుమాటే కావాలంటే ‘ప్రజా ఓటింగు’ అనవచ్చు. మీ ఊళ్లో జరిగినదానికి ‘ప్రజాభిప్రాయ సేకరణ సభ’ అని చివర ‘సభ’ చేర్చి రాస్తే చాలు, ఓటరు కార్డు తీసుకువెళ్లవలసిన పని లేదని చదివినవారికి అర్థమవుతుంది. నాయకులు ‘ఈ ఉప ఎన్నిక మా పాలనకు రెఫరెండం’ అనడం అలంకారం మాత్రమే. వార్త రాసేవారు దానిని ఉటంకింపు గుర్తుల మధ్యనే ఉంచాలి.