మామగారి బిళ్ళగన్నేరు కషాయం

ప్రశ్న: మా మామగారికి 67 ఏళ్లు. పదేళ్లుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. రెండు నెలల కిందట ఎవరో చెప్పారని మాత్రలు మానేసి, పెరట్లోని బిళ్ళగన్నేరు ఆకులు, పూలు కాచి రోజూ పరగడుపున గ్లాసుడు తాగుతున్నారు. “మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పేది. ఇప్పుడు హాయిగా ఉంది. అది ల్యాబులో చేసిన కెమికల్, ఇది దేవుడిచ్చిన మొక్క” అంటారు. నేను వద్దంటే మావారు కూడా నవ్వి ఊరుకుంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ముందు ఆ కషాయం ఆపించండమ్మా. రేపు పొద్దున్నే ఆయన్ని ల్యాబుకి తీసుకెళ్లి పరగడుపు షుగర్, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, రక్తకణాల లెక్క చేయించి, ఆ కాగితాలతో డాక్టర్ దగ్గరికి వెళ్లండి. విపరీతమైన దాహం, వాంతులు, మగత ఉంటే మాత్రం రేపటిదాకా ఆగొద్దు. “హాయిగా ఉంది” అన్న మాట నమ్మకండి. షుగర్ పెరిగినా చాలామందికి చాలాకాలం హాయిగానే ఉంటుంది.

ఇక మీ మామగారి వాదన. నేను 31 ఏళ్లు ఫార్మసీ పిల్లలకు మొక్కల మందుల పాఠం చెప్పి రిటైరయ్యాను. అంతకుముందే మా అమ్మ వాళ్ల నాన్నగారు మందులు నూరే కల్వం దగ్గర కూర్చుని పెరిగాను. తాతయ్య పల్లెటూరి వైద్యుడు. ఆయన చిన్న ఇత్తడి త్రాసులో ఒకవైపు గురివింద గింజలు వేసి, రెండోవైపు వేరు పొడి తూచేవారు. గింజ ఎత్తు ఎక్కువైతే చాకు మొనతో కాస్త తీసేసేవారు. (ఆ గురివింద గింజ కూడా విషమే లెండి, మమ్మల్ని ముట్టుకోనిచ్చేవారు కాదు.) గ్లాసుతో కొలిచి మందు ఇవ్వడం నేనాయన దగ్గర చూడలేదు.

బిళ్ళగన్నేరును నేను చిన్నచూపు చూడను. షుగర్‌కి ఆ ఆకులు కాచి తాగడం జమైకాలోనూ ఉంది. 1952లో అక్కణ్ణుంచి కొన్ని ఆకులు కెనడాలోని రాబర్ట్ నోబుల్ అనే పరిశోధకుడికి చేరాయి. ఎలుకలకు తాగిస్తే షుగర్ తగ్గలేదు. సారం ఇంజెక్షన్‌గా ఇస్తే ఎలుకలు ఇన్‌ఫెక్షన్లతో చచ్చిపోయాయి. కారణం వెతికితే తెల్ల రక్తకణాలు దారుణంగా పడిపోయి ఉన్నాయి. నోబుల్‌కీ, ఆయనతో పనిచేసిన చార్లెస్ బీర్‌కీ అప్పుడు తట్టింది: తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే బ్లడ్ క్యాన్సర్‌కి ఇది పనికిరావచ్చు కదా అని. అలా 1958కల్లా విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు బయటపడింది. ఆ తర్వాత అదే మొక్కలో దొరికిన విన్‌క్రిస్టిన్‌ను ఇవాళ బ్లడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లలకు రక్తనాళంలోకి ఎక్కిస్తారు. అదీ పిల్లవాడి ఎత్తు, బరువు చూసి లెక్కకట్టి, మామూలుగా ఒక్కసారికి 2 మిల్లీగ్రాములు దాటకుండా. మీ మామగారి గ్లాసులో ఇలాంటివి ఏవేవి, ఎంతెంత దిగాయో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. నోటితో తాగితే ఇంజెక్షన్ అంత దెబ్బ ఉండదు, కంగారుపడకండి. కానీ రోజూ గ్లాసుడు చొప్పున రెండు నెలలు తాగారు కాబట్టే రక్తకణాల లెక్క కూడా చూడమన్నాను.

ఆయన వదిలేసిన ‘కెమికల్’కీ ఒక మొక్క పుట్టిల్లు ఉంది. యూరప్‌లో గెలీగా అనే చిక్కుడు జాతి మొక్కను నాటువైద్యంలో వాడేవారు. అందులోని గెలీజిన్ షుగర్ తగ్గిస్తుంది, అయితే విషం కూడా. ఆ మొక్క మేసి గొర్రెలు చచ్చిపోతాయి. రసాయన శాస్త్రవేత్తలు తయారుచేసిన, దాని పోలికలున్న పదార్థాల్లో ఒకటి మెట్‌ఫార్మిన్. 1922లో తయారైంది. పారిస్‌లో జాన్ స్టెర్న్ అనే డాక్టర్ రోగులకిచ్చి, 1957లో ఫలితాలు ప్రచురించాడు. ఈ కథ ఆయనకు మీరు చెప్పకండి. కోడలు చెబితే వాదన అవుతుంది. ఈ పేజీ కాఫీతో పాటు ఆయన ముందు పెట్టండి.

నాకు మీ ఉత్తరంలో అసలు సంగతి “కడుపులో తిప్పేది” అన్న చోట కనిపించింది. మెట్‌ఫార్మిన్‌తో అందరూ చెప్పే ఇబ్బంది అదే. పదేళ్లలో ఆ మాట ఆయన డాక్టర్‌తో అన్నారో లేదో కనుక్కోండి. తిండి మధ్యలోనో, తిన్న వెంటనేనో వేసుకుంటే చాలామందికి తగ్గుతుంది. నిదానంగా కరిగే రకం మాత్రలూ ఉన్నాయి. రెండు నెలలు మానేశారు కాబట్టి పాత మోతాదు మీ అంతట మీరు మొదలుపెట్టకండి, డాక్టర్ చెప్పినంతే. కషాయం సంగతి అక్కడ దాచొద్దు.

ల్యాబుకి మాత్రం మీవారినే తీసుకెళ్లమనండి. నవ్వింది ఆయనే కదా! బిళ్ళగన్నేరు మొక్కను పీకించకండి, పూజకి పూలు కోసుకోవచ్చు.