ఎనిమిది వేలకు స్ట్రైకర్‌ను అమ్ముకున్న కెప్టెన్ జవాబు

"ఒక్క ఫుట్‌బాల్ ఆటగాడి కోసం వందల కోట్లు పోస్తారు, అతడు నిజంగా అంత చేస్తాడా?" అని అడిగారు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత నాకుంది. 2019లో బెంగళూరు సర్జాపూర్ రోడ్డులోని ఒక టర్ఫ్ మీద నేనూ ఒక స్ట్రైకర్‌ను, అంటే గోల్స్ కొట్టే ఆటగాణ్ణి, అమ్మాను. ఎనిమిది వేల రూపాయలకు.

మాది ఆఫీసులోని తెలుగువాళ్ళం కలిసి కట్టుకున్న ఐదుగురి జట్టు. టర్ఫ్ అద్దె గంటకు పదిహేను వందలు. ఆ ప్లాస్టిక్ గడ్డి మీద పడితే మోకాలి చర్మం అక్కడే ఉండిపోతుంది. అనంతపురంలో ఆర్‌డీటీ మైదానంలో ఆడి పెరిగినవాణ్ణి, అద్దె కట్టిన ప్రతిసారీ నాకు కడుపు మండేది. సరే, అది వేరే గోల.

టోర్నమెంటులో ఒక నిబంధన ఉండేది. ఒక జట్టులో పేరు నమోదైనవాడు మరో జట్టుకు ఆడాలంటే పాత కెప్టెన్ సంతకం కావాలి. మా స్ట్రైకర్ కర్నూలు కుర్రాడు, ఎడమ కాలితో కొడితే బంతి వల చించుకు పోతుందేమో అనిపించేది. పక్క జట్టుకు డబ్బు పెట్టే స్థిరాస్తి వ్యాపారి కన్ను వాడి మీద పడింది. "ఎంతకు వదులుతారు?" అన్నాడు. వదిలించుకుందామని నోటికొచ్చిన అంకె చెప్పాను, ఎనిమిది వేలు. ఆయన ఫోను తీసి అక్కడికక్కడే పంపేశాడు. ఇక నాకు నోరు లేదు.

సంతకం పెడుతుంటే మా కుర్రాడు పక్కకు పిలిచి, "మరి నాకెంత వస్తుందన్నా?" అన్నాడు. చాలామంది తికమక పడేది ఇక్కడే. మనకు ఐపీఎల్ వేలం అలవాటు. 2024 నవంబరులో రిషభ్ పంత్‌కు లక్నో జట్టు 27 కోట్లు పాడిందంటే అది అతడి జీతం. ఫుట్‌బాల్‌లో బదిలీ రుసుము పాత క్లబ్బుకు వెళ్తుంది, ఆటగాడి జీతం వేరే లెక్క. ఆ రుసుము కూడా మిగిలి ఉన్న ఒప్పందానికి కట్టే ధరే. ఒప్పందం ముగిసినవాడు రుసుము లేకుండా వెళ్ళిపోవచ్చని యూరప్‌లో 1995లో బోస్మన్ తీర్పు తేల్చింది. ఫ్రాన్స్ స్ట్రైకర్ ఎంబాపెను కొనడానికి పారిస్ క్లబ్బు పీఎస్‌జీ 180 మిలియన్ యూరోలు ఒప్పుకుంది. ఒప్పందం ముగిశాక 2024లో అతడు రియల్ మాడ్రిడ్‌కు వెళ్ళినప్పుడు పీఎస్‌జీకి బదిలీ రుసుము కింద పైసా రాలేదు. ఆటగాడు అదే ఆటగాడు. ఇదంతా మా కుర్రాడికి వివరించాను. వాడు శ్రద్ధగా విని, కొత్త జట్టు దగ్గర విడిగా ఒక జత బూట్లు తీసుకున్నాడు.

అసలు తలనొప్పి ఆ తర్వాత మొదలైంది. మా గోల్‌కీపర్ వేలు విరిగింది. బెంగళూరులోనే ఆస్టిన్ టౌన్ కుర్రాడు ఒకడు మ్యాచ్‌కు పదిహేను వందలు తీసుకుని ఎవరికైనా గోల్‌లో నిలబడేవాడు. కబురు పెడితే ఐదు వేలు అడిగాడు. ఇదేం అన్యాయం బాబూ అంటే, "మీకు మొన్ననే ఎనిమిది వేలు వచ్చాయి కదా సార్" అన్నాడు, తమిళం కలిసిన తెలుగులో. సాయంత్రానికి ఊరంతా పాకిన వార్త మరి. గంటసేపు బేరమాడి ఐదు వందలు తగ్గించగలిగాను. దేవనహళ్ళి దగ్గర పొలం అమ్మినవాడు మరో పొలం కొనబోతే బ్రోకర్లు ఎందుకు నవ్వుకుంటారో ఆరోజు అర్థమైంది.

స్పెయిన్ క్లబ్బు బార్సిలోనాకు పట్టిన గతీ ఇదే. 2017 ఆగస్టులో వాళ్ళ బ్రెజిల్ ఆటగాడు నెయ్‌మార్‌ను, అతడి రిలీజ్ క్లాజ్ (ఒప్పందం మధ్యలో విడిపించుకోవడానికి అందులోనే రాసుకున్న ధర) 222 మిలియన్ యూరోలు చెల్లించి పీఎస్‌జీ తీసుకుపోయింది. మన లెక్కలో 1,600 కోట్ల పైమాటే. ఆ డబ్బు బార్సిలోనా జేబులో ఉందని ప్రపంచమంతటికీ తెలుసు. కొన్ని వారాల్లోనే జర్మనీ క్లబ్బు డార్ట్‌మండ్ తన ఆటగాడు డెంబెలేను బార్సిలోనాకు 105 మిలియన్లకు అంటగట్టింది, పైన అదనపు చెల్లింపులు వేరే. అంతకు ముందు ఏడాది వాళ్ళు అతణ్ణి కొన్నది 15 మిలియన్ల ప్రాంతంలో. 2018 జనవరిలో తన ఆటగాడు కుటిన్యో కోసం ఇంగ్లండ్ క్లబ్బు లివర్‌పూల్ 120 మిలియన్లు పిండింది, అదీ అదనాలు కాకుండానే. లివర్‌పూల్ మాత్రం తెలివిగా డిఫెండర్ వాన్ డైక్‌నూ గోల్‌కీపర్ అలిసన్‌నూ తెచ్చుకుని 2019లో యూరప్ క్లబ్బుల పెద్ద కప్పు చాంపియన్స్ లీగ్ గెలిచింది. కుటిన్యో అరువు మీద జర్మనీ క్లబ్బు బయర్న్‌కు వెళ్ళి, 2020లో బార్సిలోనా 8-2తో ఓడిన మ్యాచ్‌లో సొంత క్లబ్బు మీదే రెండు గోల్స్ కొట్టాడు. డెంబెలే 2025లో ప్రపంచ ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ అందుకున్నాడు, పీఎస్‌జీ ఆటగాడిగా.

కాబట్టి అతడు అంత చేస్తాడా అన్నది కాదు, కొనేవాడి జేబులో ఎంత ఉందో అమ్మేవాడికి తెలుసా అని అడగండి. నాకు తెలిసి ధరలో సగం అదే. మా నాన్న మాత్రం నెయ్‌మార్ అంకె విని, "ఆ డబ్బుతో మన మండలంలో చెరువులన్నీ నిండేవిరా" అని ఊరుకున్నాడు.

ఇక ఆ ఆస్టిన్ టౌన్ గోల్‌కీపర్ సంగతి. మొదటి మ్యాచ్‌లోనే ఐదు గోల్స్ వదిలాడు. రెండు మా కర్నూలు కుర్రాడివే, కొత్త బూట్లతో. మిగిలిన మూడు వేల ఐదు వందలూ ఆ రాత్రి బిర్యానీకి అయిపోయాయి. గోల్‌కీపర్ పట్టుకుపోయిన మా గ్లవ్స్ ఇంకా తిరిగి రాలేదు.