చార్టర్ లాటరీలో సీటొచ్చింది, చేర్చమంటారా?

ప్రశ్న: మేడం, మేం డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం. మా పాప వచ్చే ఆగస్టులో ఆరో గ్రేడ్‌కి వెళ్తుంది. ఒక చార్టర్ స్కూల్ (డిస్ట్రిక్ట్ కాకుండా వేరే సంస్థ నడిపే ప్రభుత్వ బడి) లాటరీలో సీటొచ్చింది. అక్కడ సగానికి పైగా ఏషియన్ పిల్లలే, రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్షలో మ్యాథ్స్‌కి అన్నిటికంటే పైదైన 'మాస్టర్స్' లెవెల్ వచ్చినవాళ్లు మా డిస్ట్రిక్ట్ స్కూల్‌కి రెట్టింపు. ఇంటి దగ్గర ఇంకో చార్టర్ ఉంది కానీ ఎక్కువమంది హిస్పానిక్ పిల్లలు, స్కోర్లు తక్కువ, అటువైపే చూడొద్దంటున్నారు మావాళ్లు. నాలుగు రోజుల్లో కన్ఫర్మ్ చేయాలి, ఒకటే టెన్షన్.

జవాబు: ముందు సీటు కన్ఫర్మ్ చేసేయండి. మీ డిస్ట్రిక్ట్ స్కూల్‌లో సీటు మీ అడ్రస్‌ని బట్టి ఎప్పుడూ ఉంటుంది, చార్టర్ సీటు వదిలేస్తే వెయిటింగ్ లిస్టులో వాళ్లకి పోతుంది. ఆ తర్వాత తీరిగ్గా ఆలోచిద్దాం, ఎందుకంటే మీరు చూసి మురిసిపోతున్న ఆ రెట్టింపు అంకె మీద నాకు పెద్ద నమ్మకం లేదు.

అది ఆ బడిలో చదువు ఎలా చెప్తారో చెప్పే అంకె కాదండీ. చాలావరకు అక్కడికి ఎవరి పిల్లలు వస్తున్నారో చెప్పే అంకె. మీరు మన దగ్గర ఇంటర్ చదివుంటే ఇది చెప్పక్కర్లేదు, టెన్త్ మార్కులు చూసి మెరికల్లాంటి వాళ్లని ఏరి ఒక సెక్షన్లో వేసి, ఫలితాలు రాగానే టీవీలో ఒకటి, ఒకటి, రెండు, మూడు అని ఊదరగొట్టేవాళ్లు, మిగతా సెక్షన్లలో పిల్లల గతేంటో ఎవరూ చెప్పేవాళ్లు కాదు. చార్టర్‌కి అలా ఏరే వీల్లేదు. ప్రభుత్వ డబ్బుతో నడిచే బడి, ఫీజు లేదు, ఎంట్రన్స్ లేదు, సీట్ల కంటే అప్లికేషన్లు ఎక్కువైతే లాటరీ. కానీ లాటరీ అనేది ఒకటుందని తెలిసిన అమ్మానాన్నలే కదా పేరు వేసేది? బస్సు లేని చోట రోజూ పొద్దున్నే కారులో దింపి మళ్లీ సాయంత్రం తీసుకురాగలిగిన వాళ్లే కదా చేర్చేది? ఏరడం అక్కడే మొదలైపోయింది.

టెక్సాస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ ఏటా ప్రతి స్కూల్‌కీ టీఏపీఆర్ అని ఒక రిపోర్టు పెడుతుంది. మొత్తం స్కూల్ శాతం పక్కనే ఏషియన్, హిస్పానిక్, ఆఫ్రికన్ అమెరికన్, వైట్, పేద కుటుంబాల పిల్లలు, ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లలు అని విడివిడిగా గడులు ఉంటాయి. రెండు స్కూళ్ల రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని ఏషియన్ గడి ఏషియన్ గడితో, పేద పిల్లల గడి పేద పిల్లల గడితో పోల్చండి. రెట్టింపు తేడా ఇంకా నిలబడిందా, లేక కరిగిపోయిందా? కొన్ని గడుల్లో అంకెకి బదులు నక్షత్రం గుర్తు కనిపిస్తుంది, ఆ గుంపులో పిల్లలు మరీ కొద్దిమందే ఉంటే ఎవరి స్కోరు ఎవరిదో తెలిసిపోతుందని దాచేస్తారు. వరసలో చాలా గడులు నక్షత్రాలే అయితే అదీ ఒక సమాచారమే అనుకోండి.

తర్వాత రాష్ట్రం ఇచ్చే ఏ నుంచి ఎఫ్ దాకా రేటింగ్‌లో 'స్కూల్ ప్రోగ్రెస్' అనే భాగం తెరవండి. పిల్లలు కిందటేడు ఎక్కడున్నారు, ఈ ఏడు ఎక్కడికి వచ్చారు అన్నది ఒక లెక్క, అంతే పేదరికం ఉన్న వేరే బడులతో పోలిస్తే ఈ బడి ఎలా ఉంది అన్నది ఇంకో లెక్క. మీవాళ్లు వద్దంటున్న ఆ రెండో చార్టర్‌కి ఇక్కడ మంచి గ్రేడ్ ఉంటే, అక్కడ టీచర్లు నిజంగా కష్టపడుతున్నట్టు. 'ఆ పిల్లలు' ఉన్న బడి వద్దు అనే మాట మనవాళ్ల నోట నేను తరచుగానే వింటాను, నాకది నచ్చదు, లెక్క ప్రకారం చూసినా తప్పే. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలోని క్రెడో అనే పరిశోధన కేంద్రం 2023లో ఇచ్చిన దేశవ్యాప్త అధ్యయనంలో చార్టర్ పిల్లలు తమలాంటి మామూలు ప్రభుత్వ బడి పిల్లల కంటే ఏడాదికి రీడింగ్‌లో 16 రోజుల చదువు, మ్యాథ్స్‌లో 6 రోజుల చదువు ముందున్నారని తేలింది. 180 రోజుల ఏడాదిలో ఆరు రోజులు! ఆ లాభం కూడా గట్టిగా కనిపించింది పేద కుటుంబాల నల్లజాతి, హిస్పానిక్ పిల్లల్లోనే. ఆన్‌లైన్ చార్టర్లలో అయితే మ్యాథ్స్‌లో 124 రోజులు వెనకబడ్డారు, ఎవరైనా అది సలహా ఇస్తే వినకండి.

ఇక ఎవరూ అడగనిది, ర్యాంకు. టెక్సాస్‌లో క్లాసులో పై 10 శాతంలో ఉంటే రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో నేరుగా అడ్మిషన్, 1997 చట్టం అది. యూటీ ఆస్టిన్ (ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ) మాత్రం 2026 ఫాల్ నుంచి దాన్ని 5 శాతానికి తగ్గించింది, అదీ యూనివర్సిటీలోకే గానీ మనందరికీ కావలసిన కంప్యూటర్ సైన్స్‌లోకి గ్యారంటీ కాదు. చార్టర్‌లో పన్నెండో గ్రేడ్ పూర్తి చేసేది 60 మంది అనుకోండి, 5 శాతం అంటే ముగ్గురు. చదువు బరువు మోయలేక మధ్యలో కొందరు వెళ్లిపోయే బడైతే ఇంకా ఇబ్బంది, ఎందుకంటే వెళ్లేది సాధారణంగా వెనకబడ్డ పిల్లలు, పోటీ పడేవాళ్లు అక్కడే ఉంటారు. నాకు తెలిసిన ఒక కుర్రాడికి అన్నీ తొంభై అయిదులే, క్లాసులో మాత్రం సగం కంటే కింద. వాళ్ల నాన్నకి అర్థం కావడానికి రెండు మీటింగులు పట్టింది.

అందుకని స్కూల్ ఆఫీసుకి ఫోన్ చేసి ఒకటే అడగండి: ఈ ఏడాది గ్రాడ్యుయేట్ అయిన బ్యాచ్ ఆరో గ్రేడ్‌లో ఉన్నప్పుడు ఎంతమంది, ఇప్పుడు ఎంతమంది, ఖాళీ అయిన సీట్లలో మధ్యలో కొత్తవాళ్లని తీసుకుంటారా? చెప్పకపోతే పాత రిపోర్టుల్లో గ్రేడ్ వారీగా పిల్లల సంఖ్య ఉంటుంది, మీరే ఏడాదికో రిపోర్టు తెరిచి అదే బ్యాచ్ వెంట నడుచుకుంటూ పోవచ్చు.

పాపని కూడా ఒక పూట తీసుకెళ్లి చూపించండి. రాత్రి పదింటి దాకా హోమ్‌వర్క్ చేయగల పిల్లా, ఆటలూ బ్యాండూ లేకపోతే ముడుచుకుపోయే పిల్లా అన్నది నాకంటే మీకే తెలుసు. రెండో రకమైతే పెద్ద డిస్ట్రిక్ట్ స్కూలే నయం అంటాను. వద్దనుకుంటే ఆగస్టు దాకా నాన్చకుండా జూన్‌లోనే చెప్పేయండి, వెయిటింగ్ లిస్టులో ఇంకో అమ్మ ఫోన్ చేత్తో పట్టుకుని కూర్చుని ఉంటుంది.