ట్రినిటీ ‘కళాశాల’ పట్టా ఇచ్చిందా?

సందేహం: ‘శ్రీనివాస రామానుజన్‌కు 1916లో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాల బీఏ పట్టా ఇచ్చింది. 1918లో అదే కళాశాల ఫెలోషిప్ మంజూరు చేసింది’ అని ఒక వ్యాసంలో చదివాను. పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయం కదా? ‘ఫెలో’కు తెలుగు మాట ఏమిటి?

సమాధానం: మొదటి వాక్యంలో కర్త తప్పు, రెండోదానిలో క్రియ తప్పు.

పట్టా ఇచ్చింది కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం. అక్కడ ఉపన్యాసాలు, పరీక్షలు, పట్టాలు దాని పని. డిగ్రీ విద్యార్థులను చేర్చుకోవడం, బస, భోజనం, ఒకరిద్దరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసింది దిద్ది చెప్పే ‘సూపర్‌విజన్’ (ఆక్స్‌ఫర్డులో ‘ట్యుటోరియల్’) కాలేజీలవి. మనకు అలవాటైన ‘అనుబంధ కళాశాల’ పద్ధతి వేరు. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయానికి నమూనాగా తీసుకున్నది లండన్ విశ్వవిద్యాలయాన్ని. కళాశాల పాఠం చెబుతుంది, విశ్వవిద్యాలయం పరీక్ష పెడుతుంది. ట్రినిటీ ఎవరికీ అనుబంధం కాదు. 1546లో ఎనిమిదో హెన్రీ రెండు పాత కాలేజీలను కలిపి నెలకొల్పిన ఈ సంస్థకు సొంత ఆస్తులు, సొంత నిబంధనలు ఉన్నాయి.

అసలు చిక్కు ‘శాల’తోనే. లాటిన్‌లో కొలీజియం అంటే ఒకే కట్టుబాటులో ఉన్న మనుషుల కూటమి. సుప్రీంకోర్టు కొలీజియం అని పత్రికల్లో చదివేదీ ఆ మాటే. ట్రినిటీ అధికారిక నామం కూడా ‘మాస్టర్, ఫెలోలు, స్కాలర్లు’ అంటూ మొదలవుతుంది. ఫెలోలంటే కాలేజీని నడిపే సభ్యులు. ఆక్స్‌ఫర్డులో 1438 నాటి ఆల్ సోల్స్ కాలేజీలో బీఏ విద్యార్థులే ఉండరు. సర్వేపల్లి రాధాకృష్ణన్ అక్కడ ఫెలో. ‘ఆల్ సోల్స్ కళాశాలలో చదివారు’ అని రాస్తే ఆచార్యుణ్ణి విద్యార్థిని చేసినట్టే. అందుకే ఈ సందర్భంలో ‘కాలేజీ’ అనే ఉంచడం మేలు.

ఫెలో పాత నార్స్ (స్కాండినేవియా ప్రాచీన భాష) మాట నుంచి వచ్చింది. సొమ్ము కలిపి పొత్తు పెట్టుకున్నవాడని దాని అర్థం. మన ‘పొత్తు’కు కలిసి భోంచేయడమనే అర్థం కూడా ఉంది. హాల్లో ఎత్తు బల్ల దగ్గర కలిసి భోంచేసే ఫెలోలకు ‘పొత్తుదారు’ భలే అతుకుతుంది గాని, రాస్తే ఎవరికీ అర్థం కాదు. ‘ఫెలో’ అనే రాయండి. ‘ఫెలోషిప్ మంజూరు’ మాత్రం వద్దు. ఇప్పుడు ఆ మాట వింటే మనవాళ్లకు నెలనెలా వచ్చే పరిశోధన భృతే గుర్తొస్తుంది. పైగా 1918లోనే రాయల్ సొసైటీ కూడా రామానుజన్‌ను ఫెలోగా ఎన్నుకుంది కాబట్టి, ఏ సంస్థ ఫెలోనో చెప్పి తీరాలి.

ఇంకో పొరపాటు, కాలేజీ పెద్దలందర్నీ ప్రిన్సిపాల్ అనడం. ట్రినిటీకి మాస్టర్ (మాస్టారు కాదు), కింగ్స్‌కు ప్రొవోస్ట్, ఆక్స్‌ఫర్డు మెర్టన్‌కు వార్డెన్. ఈ చివరాయనకు హాస్టల్ గదులతో పని లేదు. పేర్లనూ అనువదించకండి. 1379 నాటి న్యూ కాలేజీని ‘నూతన కళాశాల’ చేస్తే దాన్ని ఎవరూ పోల్చుకోలేరు. మాగ్డలెన్ అని అక్షరాలా చదివే కాలేజీ పేరును అక్కడ ‘మాడ్లిన్’ అంటారు.

మీరు పంపిన వాక్యాలు ఇలా ఉండాలి: ‘రామానుజన్‌కు 1916లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం బీఏ పట్టా ఇచ్చింది. 1918లో ట్రినిటీ కాలేజీ ఆయనను తన ఫెలోగా ఎన్నుకుంది.’