పట్టీ కొనే ముందు బుగ్గ లాగి చూడు

చి. రఘుకి,

మామయ్య ఆశీస్సులు. ఇక్కడ అంతా క్షేమం. మీ అత్తయ్య మోకాలి నొప్పి కాస్త నెమ్మదించింది.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. ముక్కు మీద అంటించే పట్టీలు, ముక్కులో పెట్టుకునే సిలికాన్ రింగులు, నోటికి వేసుకునే టేపు, ఇంకా ఏదో అయస్కాంతం. "వీటిలో ఏది కొనమంటావు మామయ్యా, గురకకి స్వాతి పక్క గదిలో పడుకుంటోంది" అన్నావు. ఫోన్లో చెబితే మధ్యలో నీకు ఆఫీసు కాల్ వస్తుంది, సగం వింటావు. అందుకే రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, తెనాలిలో మందుల షాపు నడిపినవాణ్ణి. ముక్కు పట్టుకుని కౌంటర్ దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది అడిగేది ఒకటి, వాళ్లకి కావలసింది మరొకటి.

"ముక్కు దిబ్బడ" అని మనం ఒకే మాటతో సరిపెడతాం కానీ, లోపల గాలి అడ్డుపడే చోట్లు నాలుగైదు ఉన్నాయి. రంధ్రం పక్క గోడ మెత్తబడి లోపలికి కుంగుతుండవచ్చు. లోపలి పొర వాచి ఉండవచ్చు. దూలం వంకర కావచ్చు, కండ పెరిగి ఉండవచ్చు. లేదా ముక్కు శుభ్రంగానే ఉండి, అసలు సంగతి గొంతులో ఉండవచ్చు. పట్టీ పని చేసేది ప్రధానంగా మొదటిదానికే. అందుకని ఏది కొనాలన్న ప్రశ్న తర్వాత, ఎక్కడ అడ్డుపడుతోందన్నది ముందు.

ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఒకటుంది, ఈఎన్‌టీ డాక్టర్లు కూడా చేస్తారు, కాటిల్ పరీక్ష అంటారు. అద్దం ముందు నిలబడి, ముక్కు పక్కన బుగ్గ మీద రెండు వేళ్లు పెట్టి, చర్మాన్ని మెల్లగా చెవి వైపుకి లాగు. అలా లాగి పట్టుకుని ముక్కుతో గాలి పీల్చు. ఒక్కసారిగా హాయిగా అనిపిస్తే, నీ ఇబ్బంది ముక్కు కవాటం దగ్గర ఉందని అనుకోవచ్చు. రంధ్రం నుంచి కాస్త లోపల ఉండే ఇరుకు దారి అది. మనం పీల్చే గాలికి ఎదురయ్యే అడ్డంకిలో దాదాపు సగం అక్కడే ఉంటుంది. కొబ్బరిబొండంలో స్ట్రా వేసి గట్టిగా లాగితే స్ట్రా నొక్కుకుపోతుంది చూడు, గోడ బలహీనంగా ఉన్న ముక్కు కూడా అంతే, గట్టిగా పీల్చినకొద్దీ మూసుకుంటుంది. బుగ్గ లాగినా ఏ తేడా లేకపోతే పట్టీల మీద డబ్బు పెట్టే ముందు ఒకసారి ఆలోచించు. ఒక్క సంగతి, ఈ పరీక్ష జలుబు లేని రోజున చెయ్యి.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. "రాత్రి ఎడమది మూసుకుంటుంది, కాసేపటికి అది తెరుచుకుని కుడిది మూసుకుంటుంది" అన్నావు. అది జబ్బు కాదురా. కొన్ని గంటలకోసారి ఒక పక్క పొర ఉబ్బి, రెండో పక్క తగ్గుతుంది, చాలామందికి ఇది మామూలే. జర్మనీలో కైజర్ అనే డాక్టరు 1895లో దీని గురించి రాశాడు, మన యోగం వాళ్లు అంతకు ఎంతో ముందు నుంచే ఎడమ పక్కకి ఇడ, కుడి పక్కకి పింగళ అని పేర్లు పెట్టుకున్నారు. పక్కకి తిరిగి పడుకుంటే కింద ఉన్న వైపు మరింత దిబ్బడేస్తుంది. రెండు పక్కలా ఎప్పుడూ మూసుకునే ఉన్నా, లేదా నెలల తరబడి ఒకే పక్క మూసుకుని ఉన్నా అప్పుడు పట్టించుకోవాలి. ఒకే పక్క మూసుకుని రక్తం గానీ దుర్వాసన గానీ వస్తుంటే ఆన్‌లైన్ ఆర్డర్లు ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లు.

సరే, బుగ్గ లాగితే హాయిగా ఉందనుకుందాం. అప్పుడు పట్టీ వాడి చూడు, తప్పులేదు. దానిలో మందేమీ లేదు. బ్యాండేజీలాంటి గుడ్డలో వంగిన ప్లాస్టిక్ బద్దలు ఉంటాయి, అవి నిటారుగా అవ్వాలని చూస్తూ ముక్కు పక్కల్ని బయటికి లాగుతాయి. అమెరికాలో బ్రూస్ జాన్సన్ అనే ఆయన కనిపెట్టాడు, ఆయనకే దూలం వంకర ఉండేదట. 1993లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. 1995 జనవరిలో అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్‌లో జెర్రీ రైస్ అనే ఆటగాడు పెట్టుకుని ఆడాక ప్రపంచానికంతా తెలిసింది. పెట్టుకుంటే పరుగు పెరుగుతుందన్న మాటకి మాత్రం పరిశోధనల్లో గట్టి ఆధారం దొరకలేదు.

పట్టీ ఊడిపోతోందని తిట్టుకునేవాళ్లు ఎక్కువమంది దాన్ని జిడ్డు ముక్కు మీద అంటిస్తారు. మన ఉక్కపోతలో ఇది మరీ ముఖ్యం. సబ్బుతో ముక్కు కడిగి, పూర్తిగా తుడుచుకో. ఆ తర్వాత క్రీమూ నూనే ఏదీ రాయకు. పట్టీ ఎముక మీద కూర్చోకూడదు, కొన మీదా కూర్చోకూడదు. రంధ్రాలు పక్కకి విచ్చుకునే చోటుకి సరిగ్గా పైన ఉండాలి, రెండు చివరలూ ఆ మెత్తటి భాగం మీదికి రావాలి. వేలితో అర నిమిషం రుద్దితే జిగురు పట్టుకుంటుంది. మన ఇంట్లోవాళ్ల ముక్కులకి లార్జ్ సైజే సరిపోతుంది, మీ తాతయ్యని తలుచుకో. పొద్దున్న లాగి పీకవద్దు. గోరువెచ్చని నీళ్లతో తడిపి రెండు చివరల నుంచి మధ్యకి ఎత్తు. రోజుకి ఒకటి, 12 గంటలు దాటకూడదు. చర్మం ఎర్రబడితే కొన్నాళ్లు మానెయ్యి.

సిలికాన్ రింగు, అంటే లోపల పెట్టుకునే డైలేటర్, అదే పని లోపలి నుంచి చేస్తుంది. జిగురు పడనివాళ్లకి ఇదే నయం, కడిగి మళ్లీ వాడుకోవచ్చు. మొదట్లో తుమ్ములొస్తాయి, ఏదో ఇరుక్కున్నట్టు ఉంటుంది. మూడు సైజులున్న ట్రయల్ ప్యాక్ దొరికితే అది కొను. బిగుతుగా ఉన్నదాన్ని బలవంతంగా తోస్తే మధ్య గోడ ఒరుసుకుని రక్తం కారుతుంది. అయస్కాంతం పెట్టినవాటి గురించి నన్ను అడగొద్దు. అవి గురక తగ్గిస్తాయంటే నమ్మడానికి నాకు కారణం కనిపించలేదు.

పొద్దున్నే తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల దురద ఉంటే పొర వాచిందన్నమాట. అప్పుడు పట్టీ కన్నా ఉప్పునీళ్లు మేలు. యోగా క్లాసులో జలనేతి అంటారు, మందుల షాపులో సెలైన్ రిన్స్ అంటారు. గ్లాసు నీళ్లలో, అంటే సుమారు 240 మిల్లీలీటర్లలో, అర టీస్పూను అయోడిన్ లేని ఉప్పు, చిటికెడు వంటసోడా. కొలత కుదరదనుకుంటే షాపులో ప్యాకెట్లు దొరుకుతాయి. నీళ్ల విషయంలో మాత్రం నా మాట వినాలి. పంపు నీళ్లు పనికిరావు. ఇంట్లో ఫిల్టర్ ఉంది కదా అని అవీ వద్దు. మరగబెట్టి చల్లార్చినవి, లేదా డిస్టిల్డ్ వాటర్. 2011లో అమెరికాలోని లూసియానాలో పంపు నీళ్లతో ముక్కు కడుక్కున్న ఇద్దరు మెదడు తినే అమీబా సోకి చనిపోయారు. కేరళలో 2024 నుంచి ఇలాంటి అమీబా కేసులు వార్తల్లో చూస్తూనే ఉన్నావు. ఆ నీళ్లు తాగితే ఏమీ కాదు, ముక్కులోకి పోతేనే ప్రమాదం. కడిగిన సీసాని రోజూ ఆరబెట్టు. ముందుకు వంగి, నోటితో గాలి పీలుస్తూ కడుక్కుని, తర్వాత నెమ్మదిగా చీదు. గట్టిగా చీదితే నీళ్లు చెవిలోకి తంతాయి.

ఇక దిబ్బడకి వేసే చుక్కల మందు. ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ అని ఉంటుంది పేరు, నాసివియాన్, ఓట్రివిన్ సీసాల మీద చదువు. వేసిన అయిదు నిమిషాలకి ముక్కు తెరుచుకుంటుంది, అందుకే జనం వదలరు. మూడు రోజులు, మరీ అయితే అయిదు. అది దాటితే మందు దిగగానే పొర ముందుకన్నా ఎక్కువ ఉబ్బుతుంది, మళ్లీ చుక్కలు కావాలి. జేబులో సీసా లేనిదే బస్సు ఎక్కనివాళ్లు నా షాపుకి వచ్చేవాళ్లు. నీకు బీపీ కొంచెం ఉందన్నావు కాబట్టి డాక్టర్ని అడగకుండా అసలే వద్దు. స్టెరాయిడ్ స్ప్రే వేరు. ఫ్లూటికాసోన్, మోమెటాసోన్ అని రాసి ఉంటుంది. పేరు వినగానే భయపడతారు గానీ, అలర్జీ దిబ్బడకి ఎక్కువగా డాక్టర్లు రాసేది అదే. ఒక రోజులో తేలదు, వారం రెండు వారాలు రోజూ కొట్టాలి. కుడి చేత్తో ఎడమ రంధ్రంలో, ఎడమ చేత్తో కుడి రంధ్రంలో, సీసా మూతి ముక్కు బయటి గోడ వైపు ఉండేలా కొట్టు. మధ్య గోడ మీద పడితే రక్తం వస్తుంది. జలుబు బిళ్లల్లో ఉండే ఫినైల్‌ఎఫ్రిన్ నోటి ద్వారా వేసుకుంటే దిబ్బడకి పనిచేయదని 2023లో అమెరికా ఎఫ్‌డీఏ సలహా కమిటీ తేల్చింది. మన దగ్గర చాలా జలుబు బిళ్లల్లో అదే ఉంటుంది. చూసుకుని కొను.

మీ అమ్మ అమృతాంజనం రాయమంటుంది, తెలుసు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టింది, మనవాళ్ల చేతిది అన్న అభిమానం నాకూ ఉంది. హైదరాబాదీలకి జిందా తిలిస్మాత్ ఉండనే ఉంది, 1920 నాటిది. కానీ వీటిలోని మెంథాల్, యూకలిప్టస్, కర్పూరం ముక్కుని చల్లబరిచి గాలి బాగా ఆడుతున్నట్టు అనిపింపజేస్తాయి. దారి మాత్రం అంతే ఇరుకుగా ఉంటుంది. అనిపించడం వల్ల నిద్ర పడితే పట్టనీ, నాకేం అభ్యంతరం లేదు. పైపైన రాసుకో, రంధ్రం లోపల రాయకు. రాత్రి పడుకోబోతూ ముక్కులో నూనె పోసుకునే అలవాటూ వద్దు, అది మెల్లగా ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెచ్చిన సందర్భాలు ఉన్నాయి. ఏసీలో ముక్కు ఎండి పక్కులు కడుతుంటే సెలైన్ జెల్ దొరుకుతుంది, అది రాయి.

నోటికి టేపు వేసుకోవడం ఇప్పుడు ఫోన్ వీడియోల్లో పెద్ద ఫ్యాషన్. ముక్కుతో గాలి పీల్చడం మంచిదే. ముక్కు గాలిని వెచ్చబెడుతుంది, తడి చేస్తుంది, దుమ్ము ఆపుతుంది, సైనస్‌లలో పుట్టే నైట్రిక్ ఆక్సైడ్‌ని ఊపిరితిత్తులకి పంపుతుంది. కానీ ముక్కు మూసుకునే నీలాంటివాడు నోరు కూడా మూసుకుంటే గాలి ఏ దారిన పోతుంది? ముక్కు సంగతి తేలేదాకా ఆ టేపు కొనకు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నీ ఫోటోలన్నిటికన్నా నాకు టెన్షన్ పెట్టింది స్వాతి మీ అత్తయ్యతో అన్న మాట. "గురక పెడుతూ పెడుతూ ఆగిపోతారు అత్తయ్యా, కాసేపయ్యాక ఉలిక్కిపడి గాలి పీలుస్తారు" అందట. అది ముక్కు గొడవ కాదు. నిద్రలో గొంతు గోడలు దగ్గరై గాలి ఆగిపోవడం, స్లీప్ ఆప్నియా కావచ్చు. పగలు కారు నడుపుతూ కునికిపాట్లు, పొద్దున్నే తలనొప్పి, బీపీ, మెడ చుట్టుకొలత 17 అంగుళాలు దాటడం, ఇవి ఎన్ని కలిస్తే అంత అనుమానం. పట్టీ పెట్టుకుంటే గురక చప్పుడు కొంచెం తగ్గవచ్చు, ఆగిన ఊపిరి మాత్రం ఆగుతూనే ఉంటుంది. చప్పుడు తగ్గింది కదా అని స్వాతి కూడా నిశ్చింతగా పడుకుంటుంది, అదే నాకు భయం. సంగీత దర్శకుడు బప్పీ లహిరి 2022లో చనిపోయినప్పుడు డాక్టర్లు చెప్పిన కారణాల్లో ఇది ఉంది. తెలుగులో ఆయన పాటలకి నువ్వు చిన్నప్పుడు మా ఇంట్లో చిందులు వేసేవాడివి.

ముందుగా రెండు మూడు రాత్రులు ఫోన్లో నీ గురక రికార్డు చేయమని స్వాతికి చెప్పు. దాన్ని ఈఎన్‌టీ డాక్టర్‌కో ఊపిరితిత్తుల డాక్టర్‌కో వినిపించు, స్లీప్ స్టడీ రాయమని అడుగు. ఆసుపత్రిలో ఒక రాత్రి వైర్లు పెట్టి చేస్తారు, కొన్ని చోట్ల ఇంటికే మిషన్ ఇస్తారు. రిపోర్టులో ఏహెచ్‌ఐ అని ఒక అంకె ఉంటుంది, అంటే గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో. 5 లోపు ఫరవాలేదు. 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. నిద్రలో మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకోకుండా చూసే సీప్యాప్ మిషన్ పెట్టుకోమంటే సిగ్గుపడకు. 1980ల మొదట్లో సిడ్నీలో కాలిన్ సల్లివాన్ అనే డాక్టరు దాన్ని తయారుచేశాడు, మొదట్లో వాక్యూమ్ క్లీనర్ మోటారుతో నడిచేదట. ఇప్పటివి చప్పుడు చేయవు. ముక్కు దిబ్బడ ఉన్నవాళ్లు ఆ మాస్కు భరించలేక వదిలేస్తారు, కాబట్టి ఉప్పునీళ్లూ స్ప్రే అప్పుడు కూడా పనికొస్తాయి. దూలం మరీ వంకర ఉంటే ఆపరేషన్ మాట కూడా వస్తుంది. రెండో డాక్టర్‌కి చూపించాకే సరే అను. దూలం సరిచేసినంత మాత్రాన ఆప్నియా పోతుందని ఎవరైనా హామీ ఇస్తే మాత్రం లేచి వచ్చెయ్యి.

ఈలోపు ఖర్చు లేనివి చెయ్యి. వెల్లకిలా కాకుండా పక్కకి తిరిగి పడుకో. తల వైపు మంచం నాలుగు అంగుళాలు ఎత్తు. రాత్రి మందు తాగే పార్టీలు మానితే గురకలో తేడా నీకే తెలుస్తుంది. దిండు గలీబులు వారానికోసారి వేడినీళ్లలో ఉతికించు, ఏసీ ఫిల్టరు కడుగు. పడగ్గదిలో దోమల కాయిల్, అగరబత్తీ వద్దు. మీ అపార్టుమెంటు పక్క ఖాళీ స్థలంలో వయ్యారిభామ పెరిగిందన్నావు కదా, పూత రాకముందే పీకించమని అసోసియేషన్ వాళ్లకి చెప్పు.

పాపకి పట్టీలు, బామ్‌లు ఏవీ వాడకండి. రెండేళ్లలోపు పిల్లలకి కర్పూరం ఉన్నవి అసలు పనికిరావు. జలుబు చేస్తే సెలైన్ చుక్కలు చాలు, పాలు తాగలేకపోతే డాక్టర్‌కి చూపించండి. ఆ అమ్మాయి కూడా గురక పెడుతుంటే నీతోపాటే ఈఎన్‌టీకి చూపించు. పిల్లల్లో ఎడినాయిడ్స్, అంటే ముక్కు వెనక ఉండే కండ, పెరగడం వల్ల అలా జరుగుతుంది.

రికార్డింగ్ నాకు కూడా వాట్సాప్‌లో పంపు. అపాయింట్‌మెంట్ ఏ రోజుకి దొరికిందో అత్తయ్యకి ఫోన్ చేసి చెప్పు, నాకు చెబితే మర్చిపోతాను.

మీ మామయ్య