ఎకరం అమ్మి లాజిస్టిక్స్ చదివించాలా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. పెద్దబ్బాయి బీకాం పూర్తిచేశాడు. భీమవరం దగ్గర రొయ్యలు ఎగుమతి చేసే ఫ్యాక్టరీలో ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంటేషన్ ట్రైనీగా తీసుకుంటామన్నారు కానీ జీతం మరీ తక్కువ. యూకేలో లాజిస్టిక్స్, సప్లై చైన్ ఎమ్మెస్సీ చేస్తే షిప్పింగ్ కంపెనీల్లో పెద్ద ఉద్యోగాలు వస్తాయని కన్సల్టెన్సీ వాళ్ళు చెబుతున్నారు. ఎకరం అమ్మితే సరిపోతుంది. అది కాకపోతే విశాఖలో ఎంబీఏ. రెండోవాడు ఐటీఐలో ఏసీ మెకానిక్ చేశాడు, వాడి సంగతి తర్వాత. రొయ్య మీద మాకు నమ్మకం పోయింది. ఈ మూడింటిలో ఏది మంచిదో పోల్చి చెప్పండి.

జవాబు: అయ్యా, మీరు కోర్సుల గురించి అడిగారు గానీ మీ భయమంతా రొయ్య గురించే. భీమవరం, నరసాపురం, పాలకొల్లు వైపు నుంచి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పటి నుంచి మరీ ఎక్కువైంది. చెరువు గట్టున రేటు పడిపోగానే తండ్రి చూపు కొడుకు చదువు మీదికి పోతుంది. నేను పడ్డది చాలు, వాడికి ఈ నీచు వాసన వద్దు అనుకుంటారు. తప్పు పట్టను. కానీ చెరువు లెక్క వేరు, కంటైనర్ లెక్క వేరు. కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) రేటు పడితే మునిగేది రైతు. ఫ్యాక్టరీకి ఆర్డర్లు తగ్గితే ఆఫీసులో కుర్రాడికీ సెగ తగులుతుంది, తగలదని చెప్పను. అయితే ఒక దేశం తలుపు మూస్తే సరుకు ఇంకో దేశానికి పోవాలి. అక్కడి నిబంధనలు వేరు, సర్టిఫికెట్లు వేరు. యూరప్ అయితే యాంటీబయాటిక్ అవశేషాల దగ్గర ఊరుకోదు. ఇవన్నీ తెలిసిన మనిషితో అప్పుడే ఎక్కువ పని. పైగా రేపు రొయ్య కాకపోతే అరటి, మాంసం, మందులు. చల్లగా పంపాల్సిన సరుకు లోకంలో చాలా ఉంది.

ఆ ట్రైనీ ఏం చేస్తాడో మీకెవరూ చెప్పినట్టు లేదు. నలభై అడుగుల రీఫర్ కంటైనర్‌లో, అంటే చల్లబరిచే మెషిన్ బిగించిన పెట్టెలో, పదహారు, పద్ధెనిమిది టన్నుల రొయ్య వెళ్తుందనుకోండి, కోటి రూపాయలకు అటూ ఇటూ సరుకు. ఆ కంటైనరే సరుకును గడ్డకట్టిస్తుందని చాలామంది అనుకుంటారు. గడ్డకట్టించేది ఫ్యాక్టరీలోని బ్లాస్ట్ ఫ్రీజరూ, రొయ్యలని విడివిడిగా గడ్డకట్టించే ఐక్యూఎఫ్ లైనూ. రీఫర్ ఒకరకంగా మన హాట్‌బాక్స్ లాంటిది, చల్లారిన అన్నాన్ని అది వేడి చేయదు కదా. సరుకు లోపల థర్మామీటర్ గుచ్చి చూస్తే మైనస్ 18 ఉండాలి. మైనస్ 12లో ఎక్కించేసి, నెల పైన పట్టే ప్రయాణంలో అదే సర్దుకుంటుందిలే అనుకుంటే అవతలి రేవులో గొడవే. చల్లగాలి నేలమీది గాడుల్లోంచి వచ్చి సరుకు చుట్టూ తిరిగి పైనుంచి మళ్ళీ మెషిన్‌లోకి పోతుంది. లోపలి గోడ మీద ఎర్రగీత ఉంటుంది. ఇంకో వరస పడుతుంది కదా అని దానికి పైన అట్టపెట్టెలు పేరిస్తే గాలి తిరగదు.

ఇక కాగితాలు. బుకింగ్‌లో 18కి ముందు మైనస్ గుర్తు పడకపోతే ఖాళీ కంటైనర్ ప్లస్ 18కి సెట్ అయి ఫ్యాక్టరీ గేటుకు వస్తుంది. ఈ రంగంలో అందరికీ తెలిసిన తప్పే, అయినా జరుగుతూనే ఉంటుంది. కంటైనర్‌కి గాలి కిటికీ కూడా ఉంటుంది. రొయ్యకి దాన్ని మూసేయాలి. రావులపాలెం అరటి పంపాలంటే 13 డిగ్రీల దగ్గర ఉంచి కిటికీ తెరవాలి, ఎందుకంటే కోసిన కాయ ఇంకా ఊపిరి తీస్తూనే ఉంటుంది. అంతకన్నా చల్లబరిస్తే తొక్క నల్లబడుతుంది. 2016 జూలై నుంచి, తూచిన మొత్తం బరువు ముందుగా రాసివ్వని కంటైనర్‌ని ఓడ ఎక్కించకూడదు. సరుకుకి ఇచ్చే హెల్త్ సర్టిఫికెట్ ఒక్కరోజు ఆలస్యమైతే విశాఖ టెర్మినల్‌లో కటాఫ్, అంటే ఆ ఓడకి కంటైనర్ అప్పగించాల్సిన గడువు, దాటిపోతుంది. తర్వాతి ఓడ వచ్చేదాకా కంటైనర్‌కి కరెంటు ఖర్చు మనదే. 2023 చివర్లో ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక యూరప్ ఓడలు ఆఫ్రికాని చుట్టి వెళ్ళాయి, పది రోజుల పైన అదనం. అలాంటప్పుడు కొనుగోలుదారుకి ఏం రాయాలి, ఇన్సూరెన్స్ వాళ్ళకి ఏం రాయాలి అన్నది ఆ కుర్చీలో కూర్చుంటేనే వస్తుంది.

యూకే ఎమ్మెస్సీ చెడ్డ చదువని అనను. గోదాముల ప్రణాళిక, నిల్వల లెక్కలు, సాఫ్ట్‌వేర్లు బాగానే నేర్పుతారు. నా అనుమానాలు వేరే. ఏడాది చదువు తర్వాత ఉండనిచ్చే గడువుని, 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవాళ్ళకి పద్ధెనిమిది నెలలకి తగ్గిస్తున్నారు. ఆలోగా అనుభవం లేని కుర్రాణ్ణి వీసా భారం మోసి మరీ ఏ కంపెనీ తీసుకుంటుంది? అనుభవం ఉన్నవాళ్ళే అక్కడ వరస కట్టి ఉంటారు. ఇంకో సంగతి మరీ విచిత్రం. మెర్స్క్ లాంటి పెద్ద షిప్పింగ్ లైన్లు తమ కాగితాల పనిని చెన్నై, పుణె ఆఫీసుల్లో మనవాళ్ళ చేత చేయించుకుంటున్నాయి. పని ఇటు వస్తుంటే మనం పొలం అమ్మి పిల్లవాణ్ణి అటు పంపుతామంటున్నాం. కన్సల్టెన్సీ వాళ్ళు ఇది చెప్పరు. పిల్లవాడు చేరితే యూనివర్సిటీ నుంచి వాళ్ళకి కమీషన్ వస్తుంది, చేరకపోతే రాదు. మీకు సలహా ఊరికే ఇచ్చారంటే డబ్బు ఇంకెక్కడి నుంచో వస్తోందని అర్థం. చెరువులో రొయ్యపిల్ల వేసేముందు హేచరీ గురించి నలుగురిని అడుగుతారు కదా, ఇక్కడ ఎందుకు అడగలేదు?

విశాఖ ఎంబీఏ గురించి రెండే మాటలు. నూరు శాతం ప్లేస్‌మెంట్ అన్నవాళ్ళని ఏ కంపెనీలో, ఏ పోస్టులో అని రాతపూర్వకంగా అడగండి. కొరియర్ గోదాములో సూపర్‌వైజర్ ఉద్యోగాన్ని కూడా లాజిస్టిక్స్ కిందే రాస్తారు. ఎంబీఏ చేయాలనే ఉంటే రెండేళ్ళు పనిచేశాక చేయమనండి. విదేశీ వ్యాపారం నేర్పే ఐఐఎఫ్‌టీ 2022 నుంచి మన కాకినాడలోనే ఉంది. అప్పటికి తను ఏం చదవాలో అబ్బాయికే తెలుస్తుంది.

ఉద్యోగంలో చేరేముందు మాత్రం ఒక విషయం తేల్చుకోమనండి. కొన్నిచోట్ల ట్రైనీ అంటే జిరాక్సులు తీయించి, బ్యాంకుకి తిప్పి సరిపెడతారు. కస్టమ్స్‌కి ఇచ్చే షిప్పింగ్ బిల్లు, హెల్త్ సర్టిఫికెట్ దరఖాస్తు తన చేత చేయిస్తారా? కంటైనర్ స్టఫింగ్, అంటే సరుకు ఎక్కించడం, జరిగేటప్పుడు డాక్ దగ్గర నిలబడనిస్తారా? అవునంటే మొదటి ఏడాది జీతం గురించి బేరం వద్దు. తర్వాత, ఎగుమతిదారుల తరఫున కస్టమ్స్ పని చేసిపెట్టే కస్టమ్స్ బ్రోకర్ దగ్గరికి మారి, అలాంటి ఉద్యోగులకి కస్టమ్స్ శాఖ పెట్టే జి కార్డు పరీక్ష రాస్తే దారి ఇంకాస్త వెడల్పవుతుంది. అర్ధరాత్రి ఫోన్లు, పండగ పూట కటాఫ్‌లు తప్పవు. అది ముందే చెప్పి పంపండి.

ఇంతకీ, అబ్బాయి ఏమంటున్నాడు? ఎకరం అమ్మే సంగతి రాశారు, ఎమ్మెస్సీ పేరు రాశారు. వాడి ఇష్టం గురించి ఒక్క ముక్క లేదు.

రెండోవాడి సంగతి తర్వాత అన్నారు. నేను ఇప్పుడే చెప్తాను, కోపం తెచ్చుకోకండి. ఏసీ మెకానిక్ అని రాయడానికి మీరు నామోషీ పడ్డట్టుంది. కంటైనర్లు ఖాళీగా ఉన్నప్పుడు మెషిన్ సరిగ్గా పనిచేస్తోందో లేదో పరీక్షించి, సరేనన్నాకే సరుకు ఎక్కిస్తారు. ఆ పరీక్ష చేసే రీఫర్ టెక్నీషియన్ చదివింది మీవాడి ట్రేడే. ఇంటి ఏసీ కన్నా ఇందులో త్రీఫేజ్ కరెంటు, కంట్రోలర్, అలారం కోడ్‌లు అదనం. కొన్నాళ్ళు పెద్దవాళ్ళ చేతికింద చేస్తే వస్తాయి. ఓడ ఉన్న ప్రతి రేవులోనూ ఆ పని ఉంటుంది, గల్ఫ్‌లో కూడా. రొయ్యల ఫ్యాక్టరీల్లో ఫ్రీజర్లు నడిపేది అమోనియా కంప్రెసర్లు, వాటికీ చేయి తిరిగిన మనిషి కావాలి. పెద్దవాణ్ణి పిలిచిన ఫ్యాక్టరీలోనే అప్రెంటిస్‌లని తీసుకుంటారేమో వాణ్ణే వెళ్ళి అడగమనండి. మీరు వెంట వెళ్ళకండి.