ఇంటివారు కాదన్న మనిషికి విశ్వాసం ఏమి చేయగలదు?

"చిన్నప్పటి నుండి ఇంట్లో తిరస్కారమే చూసిన మనిషి క్రైస్తవ విశ్వాసం వల్ల నిజంగా కోలుకోగలడా, లేక అది మనసును మభ్యపెట్టుకోవడమేనా?" అని మీరు అడిగారు. కోలుకోగలడు. ఇది నా బ్రతుకు చూసి చెబుతున్న మాట. అయితే ఆ కోలుకోవడం, విశ్వాసులు దేవుడు తమ బ్రతుకులో చేసిన మేలును చెప్పుకునే సాక్ష్యాల కూడికల్లో మనం వినే పద్ధతిలో జరగదని, అలాగే జరుగుతుందని ఎదురుచూసినవారిలో చాలామంది చివరికి విశ్వాసాన్ని కూడా వదులుకుంటున్నారని నా గట్టి అభిప్రాయం. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మాది బయటివారు చూసి మెచ్చుకునే భక్తిగల కుటుంబం. నాన్న ఆదివారం ఆరాధన తప్పేవారు కాదు, ముందు వరుసలోనే కూర్చునేవారు. ఇంటికి వచ్చాక మాత్రం ఆయన చెయ్యి, నోరు రెండూ నా మీదనే లేచేవి. నేను పుట్టిన ఏడాదే ఆయన ఉద్యోగం పోయిందట. అప్పటి నుండి ఆ ఇంటికి వచ్చిన ప్రతి కష్టానికీ నేనే కారణమన్నది అందరూ ఒప్పుకున్న విషయమైపోయింది. అమ్మ అడ్డుపడేది కాదు. మార్కుల కార్డులు ఇచ్చిన రోజున తమ్ముడి కార్డు మీద నాన్న సంతకం పెట్టి, తారీకు వేసి, కలానికి మూత పెట్టి లేచిపోయేవారు. నా కార్డు అదే బల్ల మీద, ఆయన మోచేతి పక్కనే ఉండేది. నాకు తమ్ముడి కంటే మంచి మార్కులు వచ్చిన ఏడాది కూడా అంతే. దెబ్బలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఏది ఎప్పటిదో చెప్పలేను గాని, ఆ బల్ల, ఆ రెండు కార్డులు మాత్రం నాకు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి.

ఇక్కడ ఒక ఫిర్యాదు చెప్పకుండా ముందుకు వెళ్లలేను. మా సంఘంలో పిల్లల చేత కంఠస్థం చేయించిన వాక్యం ఎఫెసీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయంలోనిది: పిల్లలు తలిదండ్రులకు విధేయులై ఉండాలి, తండ్రిని, తల్లిని సన్మానించాలి. అది దేవుని మాటే, దాని మీద నాకు ఏ పేచీ లేదు. కానీ ఆ మాట మొదలైన మూడు వచనాల తర్వాత, 4వ వచనంలో, ఆ పత్రిక రాసిన పౌలు తండ్రుల వైపు తిరిగి, పిల్లలకు కోపం రేపవద్దని ఆజ్ఞాపిస్తాడు. కొలొస్సయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయం 21వ వచనంలో అదే ఆజ్ఞను మళ్లీ ఇచ్చి, అలా చేస్తే పిల్లల మనసు క్రుంగిపోతుందని కారణం కూడా చెబుతాడు. ఈ రెండు వచనాల మీద ఒక్క ప్రసంగమైనా నేను నా బాల్యమంతటిలో వినలేదు. వాక్యంలో సగం దాచి మిగతా సగంతో పిల్లవాడిని కొడితే, ఆ పిల్లవాడు పెద్దయ్యాక దేవుని దగ్గరకు రావడానికి భయపడడంలో వింత ఏముంది? ఇంట్లో హింస చూసిన పిల్లలు విశ్వాసానికి దూరమైతే లోకాశల వల్ల దూరమయ్యారని పెద్దలు తేలికగా తీర్పు చెప్పేస్తారు. చాలామంది లోకం వైపు పోలేదు, బెత్తం నుండి పారిపోయారు.

నేనూ అలాగే వెళ్లిపోయాను. చదువు అయ్యాక ఇంటికి దూరంగా ఉద్యోగం చూసుకుని, ప్రార్థన అన్న మాటే లేకుండా కొన్నాళ్లు బ్రతికాను. తిరిగి వచ్చింది ఏ మహాసభ వల్లనో కాదు. నాతో పనిచేసే ఒక మిత్రుడు తన ఇంట్లో జరిగే చిన్న కూడికకు రమ్మని అడిగి అడిగి తీసుకెళ్లాడు. పది మంది కంటే ఎక్కువ ఉండేవారు కాదు. ముగింపులో అందరూ లేచి నిలబడి పరలోక ప్రార్థన చెప్పేవారు. ఆ ప్రార్థన నాకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది, కానీ "తండ్రీ" అనే మొదటి పిలుపు దగ్గరే నా నోరు మూతపడిపోయేది. మిగతావారు "నీ నామము పరిశుద్ధపరచబడుగాక" అనే చోటికి చేరేసరికి నేను వారితో కలిసేవాడిని. ఎవరూ గమనించలేదనే అనుకున్నాను.

ఆ గుంపులో నర్సుగా పనిచేసి విరమించిన ఒక పెద్దావిడ ఉండేవారు. ఒక సాయంత్రం అందరూ చెప్పులు వేసుకుంటుండగా ఆవిడ నన్ను ఆగమన్నారు. "బాబూ, మొదటి మాట నువ్వు పలకడం లేదు, ఎందుకు?" అని నెమ్మదిగా అడిగారు. నేను తడబడుతూనే నిజం చెప్పాను. తండ్రీ అనగానే నాకు నాన్న ముఖమే కనిపిస్తుందని, ఆ ముఖానికి దణ్ణం పెట్టడం నా వల్ల కాదని చెప్పాను. అలాంటి మాటకు నాకు అలవాటైన జవాబులు రెండే: ఒకటి గద్దింపు, రెండోది తక్షణమే నాన్నను క్షమించేయాలన్న ఒత్తిడి. ఆవిడ ఆ రెండూ చేయలేదు. నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, "అయితే ప్రస్తుతానికి ప్రభువా అని పిలు. ఆయన నొచ్చుకోడు. నీకు ఆ మాట ఎందుకు రావడం లేదో ఆయనకు నీకంటే బాగా తెలుసు" అన్నారు. తర్వాత బైబిలు తెరిచి 27వ కీర్తన 10వ వచనం మీద వేలు పెట్టి నన్నే చదవమన్నారు: "నా తలిదండ్రులు నన్ను విడిచినను యెహోవా నన్ను చేరదీయును."

ఆ వచనం నేను అంతకుముందు ఎన్నోసార్లు విన్నాను, గోడ మీది క్యాలెండర్లలో చూశాను. ఎప్పుడూ దాని రెండో సగమే నా చెవిన పడింది. ఆ రోజు ఆవిడ మొదటి సగం దగ్గరే చాలాసేపు ఆగారు. "చూడు బాబూ, తలిదండ్రులు విడిచిపెట్టడం జరుగుతుందని దేవుని గ్రంథమే ఒప్పుకుంటోంది. ఇది దేవాలయంలో నలుగురూ కలిసి పాడుకున్న కీర్తన. నీకు జరిగింది దాచుకోవలసిన సిగ్గు కాదు, దేవుని ఎదుట గొంతెత్తి చెప్పుకోదగిన మాట" అన్నారు. నా జీవితంలో ఒక పెద్ద మనిషి, అందులోనూ విశ్వాసి, ఇంట్లో నాకు జరిగింది తప్పేనని ఒప్పుకోవడం అదే మొదటిసారి. ఆ రాత్రి నాకు ఏ దర్శనమూ రాలేదు, శరీరంలో ఏ వేడీ పాకలేదు. బస దాకా నడిచి వెళ్లి, చాలా ఏళ్ల తర్వాత కడుపు నిండా ఏడ్చి పడుకున్నాను.

కాబట్టి విశ్వాసం చేసే మొదటి మేలు ఏమిటని అడిగితే నేను మరపు అని చెప్పను. జరిగినదాన్ని జరిగినట్టుగా చెప్పుకునే చోటు దొరకడమే ఆ మేలు. 88వ కీర్తన చదవండి. అది చీకటిలో మొదలై చీకటిలోనే ముగుస్తుంది, చివరన ఒక్క స్తుతి మాట కూడా లేదు, అయినా దాన్ని గ్రంథం నుండి ఎవరూ తీసేయలేదు. మనసు మభ్యపెట్టుకోవడమే విశ్వాసమైతే అలాంటి కీర్తనకు అందులో చోటు ఉండేదా? ఆ పెద్దావిడ సలహా మీద నేను చాలాకాలం కీర్తనలు తప్ప మరేదీ చదవలేదు, మీకూ అదే చెబుతాను. ఆవిడే నన్ను ఒక కౌన్సెలర్ దగ్గరకు కూడా పంపించారు. చచ్చిపోతే బాగుండునని బదరీ చెట్టు కింద పడుకున్న ఏలీయా ప్రవక్తకు దేవుడు ముందు నిద్ర, ఆహారం ఇచ్చి, మాట్లాడడం తర్వాతే మొదలుపెట్టాడని రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయంలో ఉంది. వైద్యం చేయించుకుంటే విశ్వాసం తగ్గినట్టని చెప్పేవారు ఆ అధ్యాయాన్ని నిదానంగా చదవాలి.

ఇక సాక్ష్యాల సంగతి. మన సంఘాల్లో చెప్పే ప్రతి సాక్ష్యమూ కుటుంబమంతా కలిసి ఆరాధనకు రావడంతోనే ముగియాలి. సిక్కు కుటుంబంలో పుట్టిన సాధు సుందర్ సింగ్ 1904 డిసెంబరులో క్రీస్తును నమ్మి, 1905లో బాప్తిస్మం తీసుకున్నారు. తండ్రి ఆయనను ఇంటి నుండి వెళ్లగొట్టినా చాలా ఏళ్ల తర్వాత ఆ తండ్రి కూడా అదే విశ్వాసానికి వచ్చారు. ఆ చరిత్రను నేను గౌరవిస్తాను. అయితే "చూశారా, మీ నాన్న కూడా మారతాడు" అని దాన్ని అందరికీ వర్తించే వాగ్దానంగా పంచిపెట్టడం సరికాదు. దేవుడు అలాంటి హామీ ఇచ్చినట్టు నాకు లేఖనంలో ఎక్కడా కనబడలేదు. ఆ మార్పు రానివారు తమ ప్రార్థనలోనే లోపం ఉందనుకుని కృంగిపోవడం నేను కళ్లారా చూశాను.

యోసేపు కథకు కూడా ఇదే గతి పట్టించారు. అన్నలు అమ్మేశారు, దేవుడు హెచ్చించాడు, అన్నలను క్షమించాడు, కథ అయిపోయింది అంటారు. ఆదికాండంలో ఉన్నది అంత త్వరగా జరిగిన పని కాదు. ఆ కథ మొదలయ్యేటప్పటికి అతనికి 17 ఏళ్లు, ఐగుప్తు రాజు ఫరో ఎదుట నిలిచేటప్పటికి 30. ఆ తర్వాత సమృద్ధి గల 7 ఏళ్లు, కరవులో 2 ఏళ్లు గడిచాకే అన్నలకు తానెవరో చెప్పాడు. పెద్ద కొడుకు పుట్టినప్పుడు తన తండ్రి ఇంటినంతా దేవుడు మరపించాడని చెప్పుకున్నవాడే, అన్నలు ఎదుటికి వచ్చినప్పుడు పక్కకు వెళ్లి ఏడ్చాడు. తమ్ముడు బెన్యామీనును చూసినప్పుడు లోపలి గదిలోకి వెళ్లి ఏడ్చి, ముఖం కడుక్కుని, తనను తాను అణుచుకుని బయటికి వచ్చాడు. పైగా వారిని వెంటనే కౌగిలించుకోలేదు. మూడు రోజులు కావలిలో ఉంచాడు, అన్నల్లో ఒకడైన షిమ్యోనును పట్టి ఉంచాడు, బెన్యామీను గోనెలో వెండి గిన్నె పెట్టించి, దాన్ని దొంగిలించాడన్న నేరం మీద అతన్ని దాసుడిగా ఉంచుకుంటానన్నాడు. ఒకప్పుడు తనను అమ్మేద్దామని సలహా ఇచ్చిన యూదాయే, తమ్ముడికి బదులు తాను దాసుడిగా ఉంటానని ముందుకు వచ్చినప్పుడు గాని యోసేపు నోరు విప్పలేదు. దాన్ని కక్షసాధింపు అని కొందరు అంటారు, నేను అలా అనుకోను. వారు మారారో లేదో తెలుసుకునే హక్కు గాయపడినవాడికి ఉందని ఆ అధ్యాయాలు నాకు నేర్పాయి.

మారనివారి సంగతేమిటంటే, దానికి దావీదును చూడాలి. సౌలు అతనికి మామ, రాజు, అతని మీద ఈటె విసిరినవాడు. దావీదు అక్కడే కూర్చుని సహించలేదు, రాత్రివేళ తన ఇంటి కిటికీ గుండా తప్పించుకుని పోయాడు. తర్వాత సౌలు నిద్రపోతూ చేతికి చిక్కినప్పుడు ప్రాణం తీయకుండా, అతని ఈటెను, నీళ్లబుడ్డిని మాత్రం తీసుకుని వెళ్లాడు. అప్పుడు సౌలు పశ్చాత్తాపపడి, నా కుమారుడా, తిరిగి రా, ఇక నీకు కీడు చేయను అని పిలుస్తాడు. సమూయేలు మొదటి గ్రంథం 26వ అధ్యాయం ఎలా ముగుస్తుందో చూడండి: ఈటెను తీసుకెళ్లడానికి ఒక పనివాడిని పంపమని దావీదు చెప్పాడు, తన దారిన తాను వెళ్లిపోయాడు, సౌలు తన చోటికి తిరిగి వెళ్లాడు. పగ తీర్చుకోలేదు, ఆ ఇంటికీ తిరిగి వెళ్లలేదు. క్షమించడం వేరు, కొట్టిన చేతికి అందేంత దగ్గరలో మళ్లీ వెళ్లి నిలబడడం వేరు అని నాకు ఏ సంఘ కాపరీ చెప్పలేదు, ఆ అధ్యాయమే చెప్పింది.

నాన్నను క్షమించాను. అది ఒక్కసారిగా జరగలేదు, ఫలానా రోజున జరిగిందని చూపించలేను. ఆయన క్షమాపణ అడగలేదు, ఇప్పుడు వయసు మీద పడింది, అడుగుతారని నేను ఎదురుచూడడం లేదు. ఆయన మందుల ఖర్చు నేను పంపిస్తాను, చూడడానికి వెళ్తాను, గొంతు పెరగడం మొదలైతే సెలవు తీసుకుని వచ్చేస్తాను. సన్మానించడం అన్న ఆజ్ఞను నేను ఆ మేరకు పాటిస్తున్నాను. నా పిల్లల మార్కుల కార్డు వస్తే పనులన్నీ పక్కన పెట్టి, ముందు చదివి, తర్వాత సంతకం పెడతాను. పరలోక ప్రార్థన ఇప్పుడు మొదటి మాట నుండి చెబుతాను. ఆ పిలుపు నా నోటికి ఎలా తిరిగి వచ్చిందంటే, నాన్న ముఖం చెరిగిపోవడం వల్ల కాదు. లూకా సువార్త 15వ అధ్యాయంలో కొడుకు ఇంకా దూరంగా ఉండగానే చూసి పరుగెత్తి వచ్చిన తండ్రిని, ఆ పెద్దావిడ ఇంట్లో కూర్చుని, నెలల తరబడి మళ్లీ మళ్లీ చదవడం వల్ల.

మీ ప్రశ్నలో మీ వయసు గాని, ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారో గాని రాయలేదు. మీ ఇంట్లో ఇప్పటికీ మీ మీద చెయ్యి లేస్తూ ఉంటే, ముందు క్షేమంగా ఉండే చోటికి చేరండి, పోలీసులకు చెప్పవలసి వస్తే చెప్పండి, క్షమాపణ గురించి ఆలోచించడానికి ఆ తర్వాత కావలసినంత సమయం ఉంటుంది. ఆ దశ దాటినవారైతే పెద్ద సభల చుట్టూ తిరగకండి. మీ మాట మధ్యలో అడ్డుకోకుండా వినే ఒక్క పెద్ద విశ్వాసిని వెతుక్కోండి, దొరికే వరకు ఒకటి రెండు సంఘాలు మారవలసి వచ్చినా మారండి. మొదటి సంభాషణలోనే "అయినా కన్నవాళ్లు కదా" అన్న మనిషి దగ్గరకు రెండోసారి వెళ్లవలసిన పని లేదు.